తువ్వాలు కింద చాటింగు

ఆ బుధవారం ఉదయం ఆదెయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికల్లా కొట్లో కంప్యూటర్ ముందు కూర్చోవాలి, చేతుల మీద తువ్వాలు కప్పుకోవాలి, ఎనభై టిక్కీలు, అంటే ఎనభై బస్తాల తేజ రకం మిరపకాయలు మొహిద్దీన్ బాషాకి అమ్మాలి. పదకొండింటికి బేరం తెగుతుందనీ, పన్నెండింటికి ఇంటికెళ్ళి గోంగూర పప్పుతో అన్నం తిని ఓ కునుకు తీయొచ్చనీ అనుకున్నాడు. పాపం, మనం అనుకున్నవి అనుకున్నట్టు ఎప్పుడు జరిగాయి గనక.

గుంటూరు మిర్చి యార్డులో ఆదెయ్యది ముప్పై ఏళ్ళనాటి కమీషన్ కొట్టు. రైతులు తెచ్చిన కాయను కొనేవాళ్ళకు అమ్మిపెట్టడం ఆయన పని. బాషా కొనేవాడు. లాలాపేటలో గోడౌను ఉంది, అక్కణ్ణుంచి బొంబాయికి లోడ్లు పంపుతాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే లెక్కల మాస్టారి చేత తన్నులు తిన్నవాళ్ళు. అట్లాంటి ఇద్దరికీ 1996లో మాటలు పోయాయి.

జరిగింది గోరంత. ఆ ఏడు ఆదెయ్య బావమరిది కోటేష్ కనిగిరి నుంచి నలభై టిక్కీల కాయ తోలుకొచ్చాడు. బాషా ఒక కాయ తీసి, అటూ ఇటూ తిప్పి, పదిమంది ముందూ "చెమ్మగా ఉంది, నీళ్ళు చల్లారు" అన్నాడు. తూకం పెరగడానికి కాయ మీద నీళ్ళు చల్లారనడం కంటే పెద్ద తిట్టు యార్డులో ఇంకోటి లేదు. ఆదెయ్య ఆ క్షణం నుంచి బాషాతో మాట్లాడటం మానేశాడు. బాషా కూడా మానేశాడు. పెళ్ళాలిద్దరూ మాత్రం మానలేదు. సుబ్బరావమ్మ ఆవకాయ లాలాపేటకు వెళ్తూనే ఉంది, కరీమున్ బిర్యానీ అరండల్‌పేటలో ఆదెయ్య ఇంటికి వస్తూనే ఉంది.

మాటల్లేకుండా పదకొండేళ్ళు వ్యాపారం ఎట్లా చేశారంటారా? అక్కడే ఉంది తమాషా. వాళ్ళది పాతకాలపు బేరం. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతుల మీద ఒక తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, అరచేతిలో గీత గీస్తే అర. పక్కవాడికి చీమంత కూడా తెలియదు, నోటితో పనే లేదు. అందుచేత ఈ ఇద్దరూ పదకొండేళ్ళుగా మొహాలు చెరోపక్కకి తిప్పుకుని, సీజనులో రోజూ ఐదు నిమిషాలు చేతులు పట్టుకుని కూర్చుంటున్నారు.

2007 ఫిబ్రవరిలో బాషా స్కూటరు మీద నుంచి పడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ కొసల దాకా సిమెంటు కట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. ఎడమ చేత్తో బేరమాడితే సరుకు అచ్చిరాదని యార్డులో నమ్మకం. మధ్యవర్తిని పెడితే గుట్టు పోతుంది. బాషా తన మేనల్లుడు మాలిక్‌ని పంపితే, ఆదెయ్య ఆ కుర్రాడి చెయ్యి చూసి, నీ చెయ్యి నాకెందుకు నాయనా, వెళ్ళి మీ మామని చూసుకో అని పంపేశాడు. మాలిక్ వెళ్ళి వేరే కొట్లలో కొనడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఆదెయ్యకి అన్నం సయించలేదు. సరుకు అమ్ముడుపోక కాదు, కొనేవాళ్ళు బోలెడుమంది. ఇంకో నెల ఇట్లాగే గడిస్తే బాషాకి తను లేకుండా అలవాటైపోతుంది, ఆ ఐదు నిమిషాలు కూడా ఉండవు, ఇక ఆ చెయ్యి మళ్ళీ దొరకదు. ఇదీ ఆయన బెంగ. ఆ మాట పైకి చెప్పడం ఆయన వల్ల కాదు గనక, ఇంట్లో కూరలన్నిటికీ వంకలు పెట్టాడు. మూడోసారి పప్పులో ఉప్పు లేదన్నప్పుడు కూతురు బిందుమాధవికి అర్థమైపోయింది.

బిందుమాధవి ఎంసీయే చదివింది. చాట్ పెట్టుకుంటే నోటితోనూ పని లేదు, చేతితోనూ పని లేదు, బాషా మామయ్య ఎడమ చేత్తో టైపు చేసుకుంటాడు అంది. ఎడమ చేత్తో బేరం అచ్చిరాదని ఆదెయ్య గుర్తు చేశాడు. మీట నొక్కడం బేరం కిందికి రాదని ఆ పిల్ల అప్పటికప్పుడు ఒక శాస్త్రం చెప్పింది. సెల్లులో మెసేజీలు పంపుకోవచ్చు కదా అంటే బాషాకి అంత చిన్న అక్షరాలు ఆనవు. పోనీ అందరూ వాడే పెద్ద కంపెనీల చాట్ ఉందిగా అంటే, మన బేరం ఎవడో దొర ఇంట్లోంచి పోవడమేమిటి, అది మన కొట్లోనే ఉండాలి అని ఆదెయ్య పట్టుబట్టాడు. సరే, కొట్లోనే పెడతానంది.

వారం రోజులు కొట్లోని పాత కంప్యూటర్‌తో కుస్తీ పట్టింది. దాన్నే సర్వర్‌గా మార్చి, నెట్లోంచి ఒక ఓపెన్ సోర్స్ చాట్ ప్రోగ్రాం దించింది. బ్రౌజర్లో అడ్రస్ కొడితే చాలు, ఒక గది లాంటి పేజీ తెరుచుకుంటుంది, అందులో ఒకరు రాసింది ఇంకొకరికి కనపడుతుంది. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని ఆదెయ్య అడిగాడు. దాని లోపలి గుట్టంతా రాసినవాళ్ళు బయటే పెట్టేస్తారు, ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు అని చెప్పింది.

"గుట్టు బయట పెట్టేసినదాంట్లో కూర్చుని నేను గుట్టుగా బేరమెట్లా ఆడాలే?"

అది వేరు ఇది వేరు నాన్నా అని బిందుమాధవి నచ్చజెప్పింది. మంగళవారం సాయంత్రం పరీక్ష పెట్టింది. లాలాపేటలో బాషా ఐదు అని కొట్టాడు, యార్డులో తెర మీద ఐదు పడింది. ఆదెయ్య ఆ ఐదును చాలాసేపు చూశాడు. కానీ ఇల్లలకగానే పండగ కాదు. గదికి ఇంకా తాళం పెట్టలేదు, పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా వచ్చేయొచ్చు, వచ్చినవాళ్ళకి అంతకుముందు రాసినవన్నీ కనపడతాయి, నేను చీరాల వెళ్ళి నా స్నేహితురాలు శ్రీదివ్యకి పెళ్ళి చీరలు కొనిపెట్టి గురువారం వస్తా, అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దు అని చెప్పి, బుధవారం తెల్లారి పాసింజరు ఎక్కింది.

ఆదెయ్యకి ఆ జాగ్రత్త నవ్వొచ్చింది. తువ్వాలుండగా తాళమెందుకు?

అట్లా పదింటికి గుమస్తా వీరబాబు కంప్యూటర్ పెట్టాడు. వీరబాబు మంచివాడే, నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. బిందుమాధవి అతనికి ఒక్క పని నేర్పి వెళ్ళింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొట్టు ఇంటర్నెట్ అడ్రస్ మారిపోతుంది, మధ్యలో చుక్కలు పెట్టిన నాలుగు సంఖ్యలు, అవి చూసి మాలిక్‌కి ఫోన్లో చెప్పాలి. మర్చిపోతానేమోనని వీరబాబు ఆ అంకెల్ని సుద్దముక్కతో గోడ మీది నల్లబల్ల మీద రాసుకున్నాడు. ఏ రోజుకారోజు మిరపకాయ ధరలు రాసే నల్లబల్ల అది.

ఆదెయ్య తువ్వాలు తీసి మీటల మీదా చేతుల మీదా శుభ్రంగా కప్పి, కింద వేళ్ళతో తడుముకున్నాడు. ఏ అక్షరం ఎక్కడుందో తెలియలేదు. తువ్వాలు ఎత్తి చూస్తే గుట్టు పోతుంది గనక, ఎత్తకుండా తలకాయే లోపలికి పెట్టాడు. ఒక అక్షరం వెతికి నొక్కి, తల బయటపెట్టి తెర మీద పడిందో లేదో చూసి, మళ్ళీ లోపలికి పోయేవాడు. ఆయన ఎదుట ఉన్న తెర మాత్రం గజం దూరంలో ఉన్న ఎవరికైనా కనపడుతూనే ఉంది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా గుట్టు అనేది చేతుల దగ్గరే ఉంటుందని నేర్చుకున్న మనిషి.

దారిన పోయే హమాలీ సిలార్ ఇది చూసి, ఆదెయ్య గారికి పడిశం పట్టింది కాబోలు, ఆవిరి పడుతున్నారు అనుకున్నాడు. పక్క లైను కొట్లలో ఆ మాట చెప్పాడు. అక్కడివాళ్ళు ఆవిరి పట్టేంత జ్వరమా అన్నారు. ఆ పై లైనుకు చేరేసరికి ఆదెయ్య జ్వరంతో తల ఎత్తలేకపోతున్నాడు.

పదిన్నరకి కరెంటు పోయింది. పది నిమిషాలకి వచ్చింది. వీరబాబు పాత అంకెలు తుడిచి కొత్త అంకెలు రాశాడు. పావుతక్కువ పదకొండుకి మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ రాశాడు. ఎదుటి కొట్టు కమీషన్ వ్యాపారి క్రీస్తుదాసు ఇదంతా గమనిస్తున్నాడు. ధరల బల్ల మీద గంటలో మూడుసార్లు అంకెలు మారడం ఆయన జన్మలో చూళ్ళేదు. ఆదెయ్యకి బొంబాయి నుంచి ఏవో రహస్యపు ధరలు కంప్యూటర్లో దిగుతున్నాయని ఆయన నిశ్చయించుకుని, వీరబాబుని టీకి పిలిచి మెల్లగా కదిపాడు. ఇవి ధరలు కాదండీ, ఇవి నెట్ సెంటర్లో కొడితే మా కొట్టు తెరుచుకుంటుంది అని వీరబాబు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. టీ సగం కూడా తాగకముందే క్రీస్తుదాసు యార్డు గేటు దగ్గరున్న నెట్ సెంటర్లో కూర్చున్నాడు.

ఇక్కడ కొట్లో తెర మీద "గెస్ట్ 2 వచ్చారు" అని పడింది. కరెంటు పోయి వచ్చాక బిందుమాధవి పెట్టిన పేర్లు పోయాయి. పేరు రాయకుండా లోపలికి వచ్చినవాళ్ళకి ఆ ప్రోగ్రామే గెస్ట్ అని ఒక నంబరు తగిలిస్తుంది. ఆదెయ్య తను గెస్ట్ 1 కాబట్టి గెస్ట్ 2 బాషానే అనుకున్నాడు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి "రా కూర్చో" అని కొట్టాడు. అవతల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వేరే మనిషైతే అనుమానపడేవాడు. బాషా మౌనం ఆదెయ్యకి పదకొండేళ్ళుగా అలవాటే.

క్రీస్తుదాసు ఆ తెర చూసి వెళ్ళి ఇంకో ఇద్దరికి చెప్పాడు. ఆ ఇద్దరూ ఇంకో నలుగురికి. నెట్ సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లూ నిండాయి, ఒక్కోదాని వెనక పదిమంది నిలబడ్డారు. పిల్లల చదువులకని కొట్లలో కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ళు అక్కణ్ణుంచే తెరిచారు. ఆదెయ్య తెర మీద గెస్ట్ 5 వచ్చారు, గెస్ట్ 9 వచ్చారు, గెస్ట్ 8 వెళ్ళారు, గెస్ట్ 14 వచ్చారు అని వరసగా పడుతోంది.

లాలాపేటలో లైను సరిగ్గా లేదనీ, బాషా పడిపోయి పడిపోయి మళ్ళీ వస్తున్నాడనీ ఆదెయ్యకి అర్థమైంది. గెస్ట్ 19 కనపడేసరికి ఆయన గుండె కరిగిపోయింది. విరిగిన చెయ్యి పొట్టకి కట్టుకుని, ఒంటి చేత్తో, నా కోసం పంతొమ్మిదిసార్లు లోపలికొచ్చాడు. నేను పదకొండేళ్ళలో ఒక్కసారి వాడి గడప తొక్కానా?

ఎనభై టిక్కీల సంగతి ఆయన మర్చిపోయాడు. తువ్వాలు నెత్తి మీదికి లాక్కుని, లోపల చీకట్లో కళ్ళు చికిలించుకుని, ఒక్కో మీటా వెతికి వెతికి అరగంట సేపు కొట్టాడు.

"బాషా. చెయ్యి నొప్పిగా ఉందా."

"ఆ రోజు నువ్వన్నది నిజం. కాయ చెమ్మగానే ఉంది. మా కోటేష్ నీళ్ళు చల్లాడు. వారం తర్వాత తెలిసింది. నీకు చెప్పటానికి నాకు నోరు రాలేదు."

"నీ చెయ్యి పట్టుకోక ఇరవై రోజులైంది. అన్నం సయించటం లేదు."

పంపేసి ఊపిరి పీల్చుకున్నాడు. యార్డులో ఎప్పుడూ ఉండే గోల ఏదో తగ్గినట్టు అనిపించింది. రెండు నిమిషాల తర్వాత గెస్ట్ 2 మొట్టమొదటిసారి నోరు విప్పాడు.

"ఆదెయ్య గారూ, బాషా గారు ఇక్కడ లేరండి. మేమున్నాం."

మేమంటే ఎవరని ఆదెయ్య అడిగాడు. క్రీస్తుదాసునండి అని ఒకటి పడింది. నెట్ సెంటర్ మాలకొండయ్యనండి అని ఇంకోటి. ఏడో లైను అందరమూ అని ఇంకోటి. సిలార్ తరఫున రాస్తున్నాను, బెల్లం శొంఠి కషాయం తాగమంటున్నాడు అని ఇంకోటి.

ఆదెయ్య తువ్వాలు తీసేసరికి సెల్లు మోగింది. అవతల సుబ్బరావమ్మ.

"ఏమండీ, మా తమ్ముడు నీళ్ళు చల్లాడని యార్డంతా చెప్పారట. వాడు కనిగిరి నుంచి ఫోన్ చేసి లబలబలాడుతున్నాడు."

చల్లాడో లేదో అడగవే ముందు అని ఆదెయ్య పళ్ళు నూరాడు.

"అడిగాను. ఒక్క బిందెడేనట."

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ పరువు అరగంటలో, అదీ తన వేలితోనే, గంగలో కలిసింది. అదైనా ఓర్చుకోవచ్చు. పదకొండేళ్ళు కడుపులో దాచుకున్న మాట చివరికి ఊరందరికీ చేరింది, చేరాల్సిన ఒక్కడికీ చేరలేదు. ఇప్పుడు ఎవడో ఒకడు వెళ్ళి బాషాకి నవ్వుతూ చెప్తాడు. వాడు అది ఎవడి నోటనో వింటాడు. ఆదెయ్యకి నిజంగానే జ్వరం వచ్చేటట్టుంది.

అప్పుడు కొట్టు ముందు ఆటో ఆగింది. మాలిక్ దిగి చెయ్యందిస్తే మెడలో కట్టు వేలాడేసుకున్న మొహిద్దీన్ బాషా దిగాడు. ఉదయం నుంచి లాలాపేటలో కరెంటే లేదు, వీరబాబు ఫోన్లో చెప్పిన అంకెలు మాలిక్ రాసుకున్న కాగితం మీదే ఉండిపోయాయి. ఆయన కంప్యూటర్ ముట్టుకోనేలేదు. ఆయనకి చేరింది కంప్యూటర్ కబురు కాదు, సిలార్ మొదలుపెట్టిన కబురు. అది యార్డు దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి, ఆదెయ్య కొట్లోనే స్పృహ తప్పాడనీ, తువ్వాలు మొహం మీద కప్పేశారనీ అయింది.

బాషా మెట్లెక్కి, కుర్చీలో కూర్చునున్న ఆదెయ్యని చూసి, గుమ్మానికి చేరగిలబడ్డాడు.

"ఏరా, ఏమైందిరా నీకు? మొహం మీద తువ్వాలు కప్పారన్నారు."

పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట. నెట్ సెంటర్ నుంచి జనం అప్పటికే పరుగెత్తుకొచ్చి కొట్టు ముందు టిక్కీల మీద ఎక్కి నిలబడ్డారు. వాళ్ళందరికీ తెలుసు, బాషాకి తెలియదు. క్రీస్తుదాసు ఇక ఆగలేక, బాషా గారూ ఆదెయ్య గారు మీకో సంగతి రాశారండీ అని అందుకోబోయాడు.

"ఆగు దాసూ," అన్నాడు ఆదెయ్య. "అందరికీ చెప్పింది చాలు. వీడికి నేను చెప్తా."

లేచి నిలబడ్డాడు. టైపు చేయడానికి అరగంట పట్టిన మాట నోట్లోంచి రావడానికి ఇంకా కష్టమైంది.

"ఆ రోజు కాయ చెమ్మగానే ఉందిరా బాషా. నువ్వన్నదే నిజం. వారానికే నాకు తెలిసింది. నీ దగ్గరికొచ్చి తప్పయిందని చెప్పలేకపోయా."

బాషా పక్కనున్న టిక్కీ మీద కూలబడ్డాడు.

"చెమ్మగా ఉందా? నిజంగానా?"

"నిజంగానే."

"నేను ఊరికే అన్నానురా. ధర తగ్గించటానికి నోటికొచ్చింది అనేశా. కాయ నొక్కి కూడా చూళ్ళేదు. నలుగురిలో నీ మీద అబద్ధమాడానని, నీ మొహం చూడటానికి సిగ్గేసి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నా."

టిక్కీల మీది జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆదెయ్యకి ముందు కోపం వచ్చింది, తర్వాత అంతకంటే పెద్ద నవ్వు వచ్చింది. అంటే నువ్వు ఆడింది అబద్ధం కాదన్నమాట అన్నాడు. నువ్వు పడింది అవమానం కాదన్నమాట అన్నాడు బాషా. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. మిర్చి యార్డులో కళ్ళు తుడుచుకుంటే ఎందుకని ఎవరూ అడగరు, అదొక సుఖం. ఆదెయ్య వెళ్ళి స్నేహితుడి పక్కన టిక్కీ మీదే కూర్చుని, అచ్చిరాని ఆ ఎడమ చేతినే రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఎనభై టిక్కీల బేరం ఆ రోజు నోటితోనే జరిగింది. ఐదు నిమిషాల బేరానికి రెండు గంటల పావు పట్టింది. ధర మధ్యలో లెక్కల మాస్టారు వచ్చారు, కరీమున్ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, పదకొండేళ్ళలో ఎవరింట్లో ఎవరు పుట్టారో వచ్చారు. సరుకు తెచ్చిన రైతు, దొనకొండ పెద్దాయన, ఒంటిగంట బస్సుకి పోవాల్సినవాడు, మూడింటి బస్సు కూడా పోయాక వాళ్ళ మధ్యకొచ్చి నిలబడి, అయ్యా మీరు పోట్లాడుకుని ఉన్నప్పుడే మాకు పని తొందరగా అయ్యేది అని దణ్ణం పెట్టాడు.

గురువారం పొద్దున బిందుమాధవి చీరాల నుంచి వచ్చీ రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, చాట్ గదికి ఒకటి కాదు, రెండు తాళాలు వేసింది. లోపల దాచుకోవడానికి మాత్రం ఆ యార్డులో ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు.